మేనత్త కారుకి లప్పం కొట్టిన వైనం

భూషణం, అతని తమ్ముడు కనకారావు, భూషణం పెళ్ళాం అనసూయ. వీళ్ళది సామర్లకోట. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మా ఇంటిని మించిన ఇల్లు లేదు" అని భూషణం అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పేవాడు. అది నిజమే. చిక్కల్లా అక్కడే.

ఒకనాడు వాళ్ళ మేనత్త సూరమ్మ తన పాత ఫియట్ కారుని వాళ్ళింటికి తోలించింది. ఒళ్ళంతా గీతలు, సొట్టలు.

"ఒరేయ్, శుక్రవారం పెళ్ళికి దీన్లోనే వెళ్తాను. అప్పటికి నాకు ఒక్క గుంట కనబడకూడదు. కనబడిందా, పాత ఇనుము కొట్టుకి పంపించేస్తాను" అంది.

అన్నదమ్ములకి ఆ కారంటే ప్రాణం. చిన్నప్పుడు మావయ్య ఒళ్ళో కూర్చుని హారను మోగించిన కారది. పరుగున రంగుల కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన స్ప్రే ఫిల్లర్ డబ్బాలు ఇచ్చాడు. స్ప్రే ఫిల్లర్ అంటే ఏమిటో చెప్పుకుందాం. గోడకి సున్నం వేసేముందు లప్పం పెడతారు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే చేత్తో పూయరు, తుంపర్లుగా కొడతారు. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే నున్నగా వస్తుంది. ఆ పైనే రంగు.

"దుమ్ము పడనివ్వకండి. ఈ మందు పడకూడని చోట కాగితం అంటించండి. గీతా గుంటా పూడేదాకా పొర మీద పొర కొట్టండి" అన్నాడు కొట్టాయన.

అంతే. వీధిలో దుమ్ముంటుందని కారుని ఇంట్లోకి తోశారు. గుమ్మం పట్టలేదు. పక్క గోడ పడగొట్టారు. ఆ గోడ దుమ్మంతా కారు మీదే పడింది. "బయటి దుమ్ము పడలేదు కదా" అన్నాడు కనకారావు. వాళ్ళన్నయ్య మెచ్చుకున్నాడు.

తరవాత కాగితాలు. మందు పడకూడనివి ఏమిటని ఆలోచించారు. మంచం, బీరువా, ఫాను, దేవుడి పటాలు, ఆవకాయ జాడీ, అన్నిటికీ అంటించారు.

"కారు అద్దాలకో?" అంది అనసూయ.

"పిచ్చిదానా, మందు కొట్టేది కారుకేనే. దానికెందుకు కాగితం?"

ఇంకేముంది, అద్దాలు కూడా మూసుకుపోయాయి. ఇక గీతల సంగతి. కారు మీద అన్నిటికన్నా పెద్ద గీత ఏది? తలుపు చుట్టూ ఉండే సందు. దాని మీద పొర మీద పొర కొట్టారు. పూడకపోతే ముద్ద లప్పం కూరారు. తాళం చెవి పెట్టే చిల్లు గుంటే కదా, అదీ పూడ్చారు. అనసూయ లోపల కూర్చుని, వెలుతురు వచ్చిన చోటల్లా చెప్పింది. చీకటైపోయాక, "పని బాగా కుదిరింది" అంది.

ఆ రాత్రంతా అన్నదమ్ములు గరుకు కాగితంతో రుద్దారు. శుక్రవారం పొద్దున్నే సూరమ్మ వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని కారు చుట్టూ తిరిగి నిమిరింది. కోడిగుడ్డంత నునుపు.

"శభాష్. ఏదీ, తలుపు తియ్యండి."

అన్నదమ్ములు తలుపెక్కడుందా అని కారు చుట్టూ తడిమారు. లోపలినుంచి చిన్న గొంతు: "ఏమండీ, టిఫిన్ వేళయింది."

"నువ్వెటునుంచి ఎక్కావే?" అన్నాడు భూషణం.

"తలుపులోంచి."

"అది ఎటు పక్కుంది?"

"నాకు ఎడంచేతి పక్క. కానీ ఇప్పుడు నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను."

భూషణానికి ఉపాయం తట్టింది. తలుపైతే గుల్లగా మోగుతుందని సుత్తి తెచ్చి కొట్టాడు. కారంతా గుల్లగానే మోగింది. అందుకని కారంతా కొట్టారు. చివరికి లప్పం పెళ్ళలు రాలి తలుపు ఊడింది, అనసూయ బయటపడింది. కారు మీద మాత్రం అరచెయ్యంత మేర కూడా సాపుగా లేదు, అంతా సొట్టలే.

సూరమ్మ ఒక సొట్టని వేలితో తడిమింది. "మీ మావయ్య కారురా. వెళ్ళి పాత ఇనుము వాణ్ణి పిలుచుకు రండి."

"ఎందుకత్తా?" అన్నాడు కనకారావు, కళ్ళలో నీళ్ళతో.

"గుంటలు కనబడుతున్నాయి కనక."

అంతే. అన్నదమ్ములిద్దరూ మిగిలిన కాగితం ముక్కలు తీసి, జిగురు రాసి, మేనత్త కళ్ళజోడు మీద ఒత్తి అంటించారు.

"ఇప్పుడు కనబడుతున్నాయా అత్తా?"

"ఏమీ కనబడటం లేదురా."

"అయితే ఎక్కు. పెళ్ళికి టైమవుతోంది" అన్నాడు భూషణం.