గడప లేని వంటిల్లు

కామేశం కొత్త ఇళ్ళకు లోపలి హంగులు చేస్తాడు. రాజమండ్రిలో ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళు చాలామంది తాళాలు చేతికి రాగానే అతనికే కబురు పెడతారు. ఏం కావాలో అడిగి, అడిగింది అడిగినట్టు అమర్చి పెడతాడని పేరు. ఆ పేరంటే అతనికి కాస్త గర్వం కూడాను. అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున్నే గోదావరి ఒడ్డున ఉన్న భ్రమరమ్మగారి ఆశ్రమానికి వచ్చి, ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి, లేవకుండా అక్కడే చతికిలబడ్డాడు.

"నా బుర్ర పని చెయ్యడం లేదమ్మా," అన్నాడు.

భ్రమరమ్మగారు గోంగూర వలుస్తున్నారు. ఆవిడ ఉపన్యాసాలు చెప్పే గురువు కాదు. ఆకు మీంచి చూపు తిప్పకుండానే "చెప్పరా," అన్నారు.

ప్రభాకరం, హైమవతి అని భార్యాభర్తలు. ఏళ్ళ తరబడి అద్దె పోర్షన్‌లో కాపురం చేసి, ఇన్నాళ్ళకు సొంత ఫ్లాటు కొనుక్కున్నారు. ఏం కావాలండీ అని కామేశం అడిగాడు. తలుపూ గోడా లేని వంటిల్లు కావాలంది హైమవతి. పిన్నికూతురి ఇంట్లో చూసి వచ్చిందట. తీరా గీసి చూపిస్తే, పోపు వాసన హాల్లోకి కొడుతుంది, అద్దం తలుపు పెట్టండి అంది. అద్దం పెడితే దాని ముందు ఎత్తు బల్ల, ఎత్తు కుర్చీలు ఉండాల్సిందే అన్నాడు ప్రభాకరం. అవి వాళ్ళ మేనేజరుగారింట్లో ఉన్నాయట. ఇక అక్కణ్ణుంచి హాల్లో ఫాల్స్ సీలింగు, అందులో రంగురంగుల లైట్లు, టీవీ వెనక రాతి పలకలు, ఊయల, నిలువుటద్దాల బీరువా. అన్నీ కలిపి గీస్తే మనిషి నడవడానికి చోటు మిగల్లేదు. ఒకటి తీసేస్తే ఆవిడకి కోపం, ఇంకోటి తీసేస్తే ఆయనకి.

"నిన్న నా ఎదురుగానే దెబ్బలాడుకున్నారమ్మా. ఈ ఇంట్లో నేను కాపురం చెయ్యను, అమ్మిపారెయ్యండి అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆయనా అమ్మేద్దామనే అంటున్నాడు. నేను అడిగిందల్లా ఏం కావాలనే కదా! ఇందులో నేను చేసిన తప్పేమిటో నాకు అంతుపట్టడం లేదు."

ఇంటికి అందం తెద్దామని వెళ్ళి, చివరికి ఇల్లే లేకుండా చేస్తున్నానేమోనని అతని బెంగ.

"సాయంత్రం వాళ్ళిద్దర్నీ ఆ ఇంటికి రమ్మను. నేనూ వస్తాను," అన్నారు భ్రమరమ్మగారు. "మన కిరసనాయిలు స్టవ్వు, టీ సామాను కారులో పెట్టు."

"స్టవ్వెందుకమ్మా?"

"టీకి."

ఉన్న అయోమయం చాలనట్టు ఇంకాస్త మూటగట్టుకుని వెళ్ళాడు కామేశం.

పెద్దావిడ పిలిచారు కాబట్టి భార్యాభర్తలిద్దరూ వచ్చారు గానీ, ఆయన ముందూ ఆవిడ వెనకా వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఫ్లాటు ఖాళీగా ఉంది, ఇంకా సిమెంటు వాసన వదల్లేదు. భ్రమరమ్మగారు హాల్లో కిటికీ పక్కన నేలమీద కూర్చుని, హైమవతిని టీ పెట్టమన్నారు.

"గృహప్రవేశం కాకుండా ఈ ఇంట్లో పాలు కాచకూడదేమోనండీ," అంది హైమవతి బెరుగ్గా.

"పాలు పొంగించమనలేదు తల్లీ. టీ పెట్టమన్నాను. పొంగకుండా చూసుకో, అంతే."

హైమవతి వంటింట్లోకి వెళ్ళి, కింద కూర్చుని స్టవ్వు వెలిగించింది. ప్రభాకరం హాల్లో అటూ ఇటూ తిరిగాడు. కిటికీలోంచి చూశాడు. గోడ తట్టి చూశాడు. కూర్చుందామంటే కుర్చీ లేదు. కామేశం టేపు పట్టుకుని గోడవారగా నిలబడి, అమ్మ ఇప్పుడు ఏదో చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని ఎదురుచూస్తున్నాడు. ఆవిడేమో కిటికీలోంచి ఎదురింటి మేడమీద ఆరేసిన బట్టలు చూస్తున్నారు.

తిరిగి తిరిగి ప్రభాకరం వంటింటి మొగలో చేరాడు. భుజం గోడకి ఆనించి, ఒక కాలు లోపలికీ ఒక కాలు బయటికీ చాపుకుని కూర్చున్నాడు.

"గడప మీద కూర్చోకండీ! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంది హైమవతి తలెత్తకుండానే.

అని ఆగిపోయింది. అక్కడ గడప లేదు. కొత్త ఫ్లాట్లలో వంటింటికి గడపలెవరు పెడుతున్నారు? నున్నటి టైల్సు, అంతే.

ప్రభాకరం కిందికి చూసుకున్నాడు. "అలవాటు," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఆ అద్దింట్లో రోజూ ఇదే వరస అమ్మగారూ," అంది హైమవతి. ఆవిడ గొంతులో ఉన్నది నవ్వో ఏడుపో తెలియలేదు. "ఆఫీసునుంచి రావడం, గడప మీద చేరడం. నన్ను అటు వెళ్ళనివ్వరు, ఇటు రానివ్వరు. నేను కూర తరుగుతుంటే ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే."

"అల్లం వేశావా?" అన్నాడు ప్రభాకరం.

"వేశాను లెండి."

కామేశం మాత్రం మనసులో కొలతలు వేస్తున్నాడు. ఎత్తు బల్ల రావాల్సిన చోటు సరిగ్గా అదే. అద్దం తలుపు రావాల్సిందీ అక్కడే. పోనీ అక్కడో చిన్న అరుగు కడితే? కింద సొరుగులు, మీద మెత్తటి దిండు? తలుపు లేకుండా అరుగా, అరుగు లేకుండా తలుపా? ఎంత ఆలోచించినా లెక్క తెగలేదు.

టీ తాగాక గ్లాసులు కడగడానికి హైమవతి వెనక బాల్కనీలోకి వెళ్ళింది. వెనకాలే ప్రభాకరమూ వెళ్ళాడు.

భ్రమరమ్మగారు లేచి, కామేశం జేబులోంచి సుద్దముక్క తీసుకున్నారు. ప్రభాకరం కూర్చున్న చోట, చాపిన కాళ్ళు కూడా కలిసేలా, వంగి చుట్టూ ఒక గీత గీశారు.

"ఇక్కడ ఏమీ పెట్టకు," అన్నారు.

"చిన్న అరుగమ్మా..." అన్నాడు కామేశం. "పోనీ, పైన ఒక లైటైనా..."

ఆవిడ సుద్దముక్క అతని చేతిలో పెట్టి, చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడిచారు.

వెనక కుళాయి పారుతూనే ఉంది. "ఏవండీ, ఇక్కడ తీగ కట్టుకుంటే దుప్పట్లు కూడా ఆరేసుకోవచ్చు," అంటోంది హైమవతి.

కామేశం ఆ గీత వంక చాలాసేపు చూశాడు. తర్వాత టేపు చుట్టి జేబులో పెట్టుకుని, గీత తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్ళి, స్టవ్వు తీసుకుని, మళ్ళీ ఆ పక్కనుంచే బయటికి వచ్చాడు.