మీటింగులో అల్లిన కప్పు

దిగుడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టు గిజిగాళ్లది. కాపురాలు, తగాదాలు, పెళ్లిచూపులు అన్నీ దాని కొమ్మల మీదే. వాళ్లలో చిట్టన్న అనే గిజిగాడికి ఆ ఏడు ఒకటే దిగులు. తొలకరి మబ్బు పట్టేసింది, గూడు చూస్తే సగంలో ఉంది. "కప్పు పూర్తయితేనే కాపురానికొస్తా. నా గుడ్లు వానలో తడుపుకుంటానా?" అని, చేసుకోబోయే తంగేడు అనే పిల్ల పక్క కొమ్మ మీద మూతి ముడుచుకు కూర్చుంది.

అంతలో సింహం ఆ చెట్టుకు నక్కను మేనేజరుగా వేసింది. నక్కకి అల్లడం రాదు, చెట్టెక్కడమూ రాదు. సరైన మనిషినే వేశారని అడవిలో అనుకున్నారు.

"ఏం నక్కబావా, ఇలా వచ్చావు?" అన్నాడు చిట్టన్న.

"బావా గీవా కుదరదు. మేనేజరుగారూ అనాలి," అంది నక్క, చెట్టు కింది బండ మీద సర్దుకు కూర్చుంటూ. "రేపట్నుంచి రోజూ పొద్దున్నే మీటింగు. నిన్న ఏం అల్లారు, ఇవాళ ఏం అల్లుతారు, పనికి అడ్డేమిటి, అందరూ నోరు విప్పి చెప్పాలి."

గిజిగాడు పోచ తెచ్చేదీ ముక్కుతోనే, అల్లేదీ ముక్కుతోనే. నోరు విప్పితే పోచ బావిలో పడుతుంది. పైగా పొద్దుటి చల్లదనంలోనే పచ్చిపోచ ముడికి లొంగుతుంది, ఎండెక్కితే పుటుక్కున తెగుతుంది. మీటింగు ముగిసేసరికి రోజూ ఎండెక్కేది.

"పనికి అడ్డేమిటి చిట్టన్నా?"

"ఈ మీటింగేనండి." పోచ బావిలో పడింది.

"మంచి పాయింటు. దీని మీద సాయంత్రం ఇంకో మీటింగు పెడదాం."

గోరుచుట్టు మీద రోకటిపోటు. తంగేడు అవతలి చెట్టు గూళ్లవైపు చూడసాగింది. చిట్టన్నకి ఒళ్లు మండింది. తిన్నగా వెళ్లి వాగుడుకాయ గోరింకను పిలుచుకొచ్చాడు.

"మేనేజరుగారూ, ఇక మా అందరి తరఫునా ఈవిడే మాట్లాడుతుంది."

గోరింక మాటలు కోటలు దాటుతాయి. "పని పరుగులు పెడుతోందండి, ముప్పాతిక దాటిందండి," అని పొద్దస్తమానం చెప్పేది. నక్క తోకూపుతూ విని, విన్నదంతా సింహానికి చేరేసేది. పైన గిజిగాళ్లు నోరు మూసుకుని అల్లుకున్నారు.

గోరింక పనితనానికి మురిసిపోయి నక్క ఒకనాడు, "గుట్ట వెనక నా వానాకాలం బొరియ ఉంది. దానిక్కూడా ఒక కప్పు అల్లించు," అంది.

"మొదలెట్టేశామండి," అంది గోరింక. మర్నాడు సగమైందంది. ఆ మర్నాడు పూర్తయిందంది. గుట్ట దాటి చూసిరావడానికి నక్కకి తీరికేదీ, మీటింగులాయె.

వాన దిగింది. చిట్టన్న గూట్లో తంగేడు పొడిగా, వెచ్చగా గుడ్ల మీద కూర్చుంది. కింద, ఒళ్లంతా నీళ్లు కారుతూ నక్క వచ్చి నిలబడింది.

"నా కప్పేదిరా చిట్టన్నా? పూర్తయిందని మీటింగులో చెప్పారే."

"పూర్తయింది బావా," అన్నాడు చిట్టన్న. "మీటింగులో అల్లింది మీటింగులోనే ఉంటుంది. ఆ బండ మీదే ఉండాలి, చూసుకో."

ఆ చెట్టు మీద పిల్లలకు ఇప్పటికీ ముందు నేర్పే మాట ఒకటే: మాటలతో అల్లిన కప్పు తొలివానకే కురుస్తుంది.