పొగమంచులో ఆట

లోకనాథం మాస్టారు ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని జరిగే వేళకు తనూ వచ్చి ఓ పక్కన నిలబడేవారు. ఏళ్ళ తరబడి ఏజెన్సీ బడుల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక కూడా కొండ దిగకుండా పాడేరు దగ్గరే ఉండిపోయారు. ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్నవాడు వంతాల ధర్మన్న. ఇప్పుడతను ఆ లోయలోని ఊళ్ళ ఆడపిల్లలను కూడగట్టి, ఒక జట్టుగా చేసి ఆడిస్తున్నాడు.

ఒక సాయంత్రం ధర్మన్న మాస్టారింటికి వచ్చి, ఇచ్చిన టీ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చున్నాడు. అతని బాధ మాస్టారికి తెలియనిది కాదు. ఆ పిల్లల పాత ఆట చాలా తేలిక. బంతి ఎవరికి దొరికినా బలంగా ముందుకు తన్నేసేవారు. కిల్లో దేవిమ్మ అనే పిల్ల గాలిలా పరిగెత్తి దాన్ని అందుకుని గోల్ కొట్టేది. ఆ సంగతి బయటి జట్లకు తెలిసిపోయింది. దేవిమ్మ చుట్టూ ఇద్దరిని కాపలా పెడితే చాలు, మిగతా ఆటంతా ఆగిపోయేది. అందుకని ధర్మన్న విశాఖపట్నంలో శిక్షణకు వెళ్ళి కొత్త ఆట తెచ్చాడు. బంతిని నేల మీదే ఉంచాలి. ఒకరి నుంచి ఒకరికి చిన్న చిన్న పాసులు వెయ్యాలి. అదీ తోటిపిల్ల కాళ్ళ దగ్గరికి కాదు, ఆమె చేరబోయే ఖాళీలోకి వెయ్యాలి. చెప్పినప్పుడు అందరూ తలలూపారు. మైదానంలోకి దిగాక పోటీల్లో వరసగా రెండు ఆటలు ఓడిపోయారు. రెండో ఆటలో దేవిమ్మ ఖాళీలోకి పాస్ వేస్తే, పాంగి సుమిత్ర అక్కడికి రాలేదు. ఆ బంతితోనే ఎదుటివాళ్ళు గోల్ కొట్టారు. అప్పటినుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఆదివారం నాటి ఆట కూడా పోతే పోటీల నుంచి బయటికే. జట్టు పోటీల్లో ఉన్నన్నాళ్ళే కాఫీ పళ్ళు కోసే పని నుంచి పిల్లలను వదులుతామని ఇళ్ళల్లో ముందే తేల్చి చెప్పారు.

"మాస్టారూ, ఎవరూ లేని చోటికి బంతి పంపమంటున్నాను. తోటిపిల్ల అక్కడికొస్తుందని నమ్మమంటున్నాను. ఎదురుగా ఖాళీయే కనబడుతుంటే కాలెలా ఒప్పుకుంటుందండీ? పాస్ వెయ్యడం నేర్పగలను గానీ, నమ్మడం ఎలా నేర్పేది?" అని అడిగాడు ధర్మన్న.

మాస్టారు, "పొద్దున్న ఆటలోకి ఎప్పుడు దిగుతున్నారు?" అన్నారు.

"మంచు విడిపోయాకండి. అంతదాకా పక్క మనిషే కనబడడు గదా."

"రేపు విడిపోకముందే దించు."

అది పుష్యమాసం. మర్నాడు తెల్లవారేసరికి లోయంతా పొగమంచు కింద మునిగిపోయి ఉంది. గోల్ కర్రలు లేవు, సిల్వర్ ఓక్ చెట్లు లేవు, కొండ లేదు. పిల్లలు శాలువాలు తీసి పడేసి, చలికి చేతులు రుద్దుకుంటూ నవ్వుతూ దిగారు. నాలుగడుగులు వేసేసరికి ఒక్కరూ కనబడలేదు. మాస్టారు మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని గట్టు మీద నిలబడ్డారు. ధర్మన్న ఈల ఊదాడు.

మొదట అదొక ఆటలాగే లేదు. ఒకరినొకరు గుద్దుకున్నారు, కెవ్వుమన్నారు. దేవిమ్మ అలవాటు కొద్దీ బంతిని బలంగా ముందుకు తన్నింది. అది మంచులోకి పోయి మరి రాలేదు. అందరూ వెళ్ళి తుప్పలన్నీ దులిపి, ముళ్ళు గీసుకుని, చివరికి వెతికి తెచ్చారు. ఇంకోసారి అలా వెతకడానికి ఎవరికీ ఓపిక లేదు. దూరం తన్నడం అంతటితో ఆగింది. బంతి చిన్నగా, జాగ్రత్తగా కదలసాగింది. "ఇటు! ఇటు!" అనే కేకలతో మైదానం మార్మోగింది. ఇటు అంటే ఎటో తెలియక కాసేపు తికమక పడ్డాక, పేర్లు పెట్టి పిలుచుకోవడం మొదలైంది.

అంతలో దేవిమ్మ గొంతు వినబడింది. "ఎవరే అక్కడ?"

"నేనే."

"నేనంటే?"

అడుగుల చప్పుడు ఒకటి అక్కడే ఆగిపోయింది. చివరికి అవతలి గొంతు, "సుమిత్రని," అంది.

దేవిమ్మ బంతిని ఇంకెవరికైనా ఇస్తుందా, కాలికిందే అట్టిపెట్టుకుని నిలబడిపోతుందా అని ధర్మన్న మంచులోకి కళ్ళు చించుకుని చూశాడు. ఏమీ కనబడలేదు. "తీసుకోవే, వస్తోంది!" అన్న మాట వినబడింది. కాలికి బంతి తగిలిన మెత్తటి చప్పుడు ఒకటి, కాస్త దూరాన అందుకున్న చప్పుడు ఇంకొకటి.

అక్కడినుంచి ఏం జరిగిందో ధర్మన్న తర్వాత ఎవరికి చెప్పబోయినా మాటలు చాలేవి కావు. కేకలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. పేర్లు కూడా ఆగిపోయాయి. అడుగుల చప్పుడును బట్టి, ఆయాసాన్ని బట్టి ఎవరెక్కడున్నదీ వాళ్ళకు తెలిసిపోతున్నట్టుంది. బంతి చప్పుడు మాత్రం కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి లోపలికి, మళ్ళీ వెనక్కి, ఎక్కడా తెగకుండా సాగింది. అంతమంది పిల్లలు పరిగెడుతున్న మైదానంలో మాటన్నదే లేదు. కొండంత తెల్లదనం, దాని లోపల ఎవరో మెల్లగా మద్దెల వాయిస్తున్నట్టు ఆ చప్పుడు. ధర్మన్న ఈల ఊదాలన్న సంగతే మరిచిపోయాడు. పక్కకు చూస్తే మాస్టారు కళ్ళు మూసుకుని వింటున్నారు.

ఎండ పొడ తగిలి మంచు పలచబడింది. తెరలోంచి మనుషులు తేలారు. ఎప్పుడూ బంతి చుట్టూ ఈగల్లా మూగే పిల్లలు మైదానమంతా పరుచుకుని ఉన్నారు, ఎవరి చోట వాళ్ళు. ధర్మన్న చూస్తుండగానే దేవిమ్మ తలెత్తకుండా ఖాళీలోకి బంతిని తోసింది. నిజంగానే అక్కడ ఎవరూ లేరు. మరుక్షణం ఇంకా విడని మంచులోంచి సుమిత్ర పరుగున వచ్చి, ఆ బంతి తనకోసమే అక్కడ పెట్టినట్టు అందుకుని వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ ఆశ్చర్యపడలేదు. ఆశ్చర్యపోయింది ధర్మన్న ఒక్కడే.

ఆదివారం నాటి ఆట మిట్టమధ్యాహ్నం, కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండలో జరిగింది. చాలాసేపు ఎవరికీ గోల్ పడలేదు. ఆట ముగియబోతుందనగా దేవిమ్మను ముగ్గురు చుట్టుముట్టారు. ఆమె ఎవరూ లేని ఎడమ వైపుకు బంతిని జార్చింది. "అయ్యో, ఎవరికిచ్చిందిరా బాబూ!" అని గట్టు మీద ఎవరో నెత్తి కొట్టుకున్నారు. ఆ మాట పూర్తయ్యేలోగా సుమిత్ర అక్కడ ఉంది. మరుక్షణం బంతి గోల్‌లో ఉంది. తర్వాత గట్టు మీది జనమంతా లేచి నిలబడ్డారు, ఎదుటి జట్టు మనుషులతో సహా. చప్పట్లు మాత్రం కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి.

జనం తగ్గాక ధర్మన్న మాస్టారి దగ్గరికొచ్చాడు. "కనబడక, గత్యంతరం లేక మంచులో నమ్మారనుకున్నానండీ. ఇవాళ ఇంత ఎండ. అన్నీ కనబడుతూనే ఉన్నాయి గదా. ఇవాళెలా కుదిరింది?"

మైదానం మధ్యలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మాస్టారు అటే చూస్తూ, "ఇన్నాళ్ళూ వాళ్ళకి బంతి ఒక్కటే కనబడేది నాయనా," అన్నారు.