గువ్వలలంక అరచేతి మాత

గోదావరి పాయల నడుమ ఉన్న గువ్వలలంకకు చేరాలంటే నేటికీ పడవే దిక్కు. రేవు దిగి పొగాకు చేల గట్టు మీద అరమైలు నడిస్తే, మెరక మీద సున్నం కొట్టిన చిన్న గుడి కనబడుతుంది. లోపల మూడడుగుల చెక్క స్వరూపంలో మరియతల్లి కొలువై ఉంది. భక్తులు ఈమెను అరచేతి మాత అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో లంక పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, తాటాకు పాక ఉండేది. గురువులు ఏడాదికి రెండుసార్లు పడవలో వచ్చి పూజ చేసి వెళ్లేవారు. ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి, మాత పేరిట వేరే కుండలో వేసేవారు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బును, గురువులు లేనప్పుడు జపాలు చెప్పించే ఉపదేశి భార్య ఇన్నాసమ్మ మూటగట్టి దాచేది. మాతకు వెండి కిరీటం చేయించాలని లంకంతటి కోరిక.

ఇన్నాసమ్మకు ఆ మూటంటే ప్రాణభయం. ఒక వానాకాలం ఆమె భర్త జ్వరం మందుకని అందులోంచి పావలా తీశాడు. వారం తిరక్కుండా కన్నుమూశాడు. జ్వరంతో పోయాడని ఊరనుకుంది. దేవుడి సొమ్ము ముట్టినందుకే పోయాడని ఆమె నమ్మింది. పిచ్చితల్లి, నోటితో తండ్రీ అని పిలుస్తూనే, షావుకారుకు భయపడ్డట్టు దేవుడికి భయపడింది.

ఒక శ్రావణంలో గోదావరి పొంగింది. తెల్లవారేసరికి చేలు మునిగాయి. లంకవాళ్లు మాత స్వరూపాన్ని ఎత్తుకుని ఈ మెరక ఎక్కారు. ఇన్నాసమ్మ ఒక గుప్పిట్లో మూట బిగించి, రెండో చేత్తో నెలలు నిండిన కూతురు జసింతను పట్టుకుని వచ్చింది. తిండిగింజలన్నీ నీటిపాలయ్యాయి. రెండోనాటికి పిల్లలు ఏడవడం కూడా మానేశారు.

మూడోనాటి ఉదయం ఒక బియ్యం పడవ వచ్చి ఆగింది. "రొక్కం చూపిస్తేనే బస్తా దించేది," అన్నాడు పడవవాడు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ లేదు. సరిగ్గా అప్పుడే జసింతకు నొప్పులు మొదలయ్యాయి. పావలా తీస్తే మొగుడు పోయాడు. మూటంతా విప్పితే కూతురు, కడుపులో బిడ్డ ఇద్దరూ పోరూ? ఇన్నాసమ్మ గుప్పిటను కొంగు చాటున దాచి తల దించుకుంది.

పొరుగింటి తెరేజమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆమె దగ్గరకే వచ్చింది. "అత్తా, ఏ మూలనైనా పిడికెడు బియ్యం ఉంటే పెట్టవా? పిల్ల కళ్లు తేలేస్తోందే."

పిడికెడు అన్న మాట ఇన్నాసమ్మను చావగొట్టింది. ఇన్నేళ్లూ సొంత పిల్లల కంచంలోంచి రోజూ పిడికెడు తీసి మాత కుండలో వేసిన తెరేజమ్మ చెయ్యే ఇప్పుడు తన ముందు చాచి ఉంది. ఆమె మాత ముఖంలోకి చూసింది. మాత అభయం ఇవ్వలేదు, ఒక్క మాటైనా పలకలేదు. గుప్పిట విప్పబోతే వేళ్లు రాలేదు. అది మహిమో, మూడు రోజుల చలికి వేళ్లు కొంకర్లు పోవడమో పెద్దలు నేటికీ తేల్చలేదు. "దేవా, నా పిల్లని ముట్టుకోకయ్యా," అని ఏడుస్తూ ఎడమచేత్తో ఒక్కో వేలూ విరిచినట్టు విప్పింది. తెరేజమ్మ ఆ అరచేతిలోంచి మూట తీసుకుని పరుగెత్తింది. బస్తాలు దిగాయి.

అన్నం ఉడుకుతున్నంతసేపూ ఇన్నాసమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని శిక్ష కోసం ఎదురుచూసింది. మూలుగు ఆగినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తన ముందు పెట్టిన ముద్ద ముట్టలేదు. పొద్దు వాలేవేళకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడవలేదు.

"దేవుడి సొమ్ము తిన్నాం. బిడ్డను తీసుకుపోయాడు," అంది ఇన్నాసమ్మ.

తెరేజమ్మ వినిపించుకోకుండా బిడ్డను తిరగేసి వీపు మీద చరిచింది. బిడ్డ కెవ్వుమంది. లోకంలో పిల్లలంతా గుప్పిళ్లు మూసుకుని పుడితే, ఆ పిల్ల రెండు అరచేతులూ తెరుచుకుని పుట్టిందట. ఆనాటి నుంచి మరియతల్లికి అరచేతి మాత అనే పేరు నిలిచింది.

నేటికీ భక్తులు బియ్యమో డబ్బో గుప్పిట పట్టి గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. దాన్ని మాత ముందు పోయరు. బయట అరుగు మీద ఆకలితో కూర్చున్నవారి ఒళ్లో విప్పుతారు. నెలలు నిండిన స్త్రీలు ఇక్కడ మొక్కుకుంటే సుఖప్రసవం అవుతుందని, చేతికందిన కూడు చెదరదని నమ్మకం. కిరీటం చేయిస్తామని ఎందరు వచ్చినా లంకవాళ్లు ఒప్పుకోరు. "మా పెద్దోళ్లు తినేశారండి. ఇంకోటి పెడితే మళ్లీ దానికి కాపలా కాయాలి," అంటారు.

ఇన్నాసమ్మ బతికినన్నాళ్లూ, మనవరాలికి ఒళ్లు వెచ్చబడితే చాలు వణికిపోయేదట. అయినా పిడికెడు ఆపలేదు. అందుకే భయం పోగొట్టమని ఇక్కడ ఎవరూ వేడుకోరు. గుప్పిట విప్పేముందు, "భయంగానే ఉంది తల్లీ, తీసుకో," అంటారు.