శిలువ లేని చర్చి

చిదంబరం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన పని చెప్పేవారు. నీడకి ఏ రంగు వెయ్యాలండీ అంటే, మేడ మీద ఆరేసిన దుప్పట్లు తెచ్చిపెట్టమనేవారు. బొమ్మ పూర్తయిందని ఎలా తెలుస్తుందండీ అంటే, కుంపట్లోకి బొగ్గులు నిండుకున్నాయి, వెళ్లి తెమ్మనేవారు. కొత్తగా వచ్చిన శిష్యులు ఇదేం గురువురా బాబూ అని తల పట్టుకునేవారు. పాతవాళ్లు మాత్రం మారు మాట్లాడకుండా వెళ్లి, వచ్చేటప్పుడు పనితోపాటు జవాబు కూడా పట్టుకొచ్చేవారు. కొందరికి దుప్పట్లు మాత్రమే దొరికేవనుకోండి, అది వేరే సంగతి.

మాస్టారు పుట్టింది కోస్తాలోనే అయినా, హిమాలయాల్లోని ఒక నగరంలో స్థిరపడి, ఇంప్రెషనిస్టుల పద్ధతిలో తైలవర్ణ చిత్రాలు వేసేవారు. గదిలో కూర్చుని రోజుల తరబడి నునుపు చెయ్యడం కాదు ఆ పద్ధతి. వేసే వస్తువు ఎదురుగా నిలబడి, దాని మీద వెలుగు మారిపోయేలోగా రంగుల్ని చకచకా ముద్దలుగా పెట్టుకుంటూ పోవాలి. దగ్గరికెళితే అన్నీ మరకలే, దూరం జరిగితే బొమ్మ. ఆ విద్య కోసం బాపట్ల నుంచి వచ్చింది సువార్త. వాళ్ల నాన్న ఆమెకి ఒక్క శీతాకాలం గడువిచ్చాడు. ఈలోగా ఆమె బొమ్మని ఒక్కరు కావాలని తీసుకున్నా ఇంకొన్నాళ్లు ఉండి నేర్చుకోవచ్చు. లేదా తిరిగొచ్చి మిషన్ బడిలో డ్రాయింగు టీచరుగా చేరిపోవాలి. ఆయన అన్న మాట మీద నిలబడే మనిషని సువార్తకి తెలుసు.

అదృష్టం బాగుండి అడిగేవాళ్లు దొరికారు. మాస్టారి ఇంటికి దగ్గర్లోనే, బజారు నడిబొడ్డున ఒక పాత చర్చి ఉంది. మంచు పడుతుండగా తమ చర్చిని బొమ్మ వేయించుకోవాలని అక్కడి సంఘపెద్దలకి ఎప్పటినుంచో ముచ్చట. సువార్త ప్రతి ఆదివారం అక్కడికే ప్రార్థనకి వెళుతుంది గనక ఆమెనే వెయ్యమన్నారు. నచ్చితేనే తీసుకుంటామని కూడా నిక్కచ్చిగా చెప్పారు. చలి ముదిరేదాకా సువార్త ఆ చర్చి కిటికీలనీ, కమానులనీ, గంటగోపురాన్నీ, దాని కొసనున్న శిలువనీ పెన్సిలుతో గీసి గీసి, కళ్లు మూసుకున్నా వెయ్యగలిగేంత కంఠతా పట్టేసింది. ఇక మంచు పడటమే తరువాయి.

ఒకరోజు పొద్దున్నే పడనే పడింది. బాపట్ల పిల్లకి మంచంటే తెల్లారగట్ల పొలాల మీద కమ్ముకునేదే తెలుసు. ఇక్కడేమో ఎవరో పైన కూర్చుని దూది ఏకి పోస్తున్నట్టుగా రాలుతోంది. ఆమెకి కాలు నిలవలేదు. టీ సంగతి మరిచిపోయి, రంగుల పెట్టె చంకన పెట్టుకుని ఒక్క పరుగున చర్చికి చేరింది. గేటు దాటుతూనే చున్నీ తల మీదికి లాక్కుంది. వాళ్ల ఊళ్లో ప్రార్థన మందిరం గడప తొక్కిన ఆడవాళ్లంతా అలాగే ముసుగేసుకుంటారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఆమె చెప్పకుండానే చెయ్యి తన పని తాను చేసేసుకుంటుంది. పెట్టెలో మూత ఊడిన నీలం ట్యూబు పుణ్యమా అని, వేళ్లకంటిన రంగు కాస్తా చున్నీ అంచుకి అంటుకుంది. వెనకాలే ఈజిలూ, కాన్వాసూ, గొడుగూ పట్టుకుని వస్తున్న మాస్టారు అది చూశారు.

చర్చి మొత్తం కనబడేలా మళ్లీ బయటికొచ్చి, రోడ్డుకి ఇవతల ఈజిల్ నిలబెట్టి మొదలుపెట్టింది. మాస్టారు గొడుగు పట్టారు, కాన్వాసుకి మాత్రమే. తెల్లగా ఉంటుందనుకున్న మంచు ఎక్కడా తెల్లగా లేదు. చూరు కింద నీలం, గోడవారగా లేత ఊదా, తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెట్ల మీదికి ఒక పసుపు వెలుగు. ఆ పసుపు కనబడి మాయమయ్యేలోపల పట్టుకోవాలని ఆమె ఒళ్లు మరిచి కుంచె ఆడించింది. పొద్దుటి ప్రార్థనకి వచ్చేవాళ్ల నల్ల గొడుగులు గబగబా మెట్లెక్కుతుంటే ఒక్కో గొడుగుకి ఒక్కో విసురు. వేళ్లు కొంకర్లు పోతున్నా ఆపబుద్ధి కాలేదు. బతుకులో ఇంత సంతోషం ఉంటుందని నాకెవరూ చెప్పలేదే అనుకుంది. గంట మోగింది గానీ గోపురం మాత్రం సగం నుంచి పైకి లేదు, మంచు మింగేసింది. శిలువ జాడే లేదు. అంత తొందరలో ఆమె దాని గురించి ఆలోచించనూ లేదు, ఉన్నదున్నట్టు వేసుకుంటూ పోయింది.

మాస్టారి ఇంటికొచ్చి కిటికీ పక్కన బొమ్మ నిలబెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసుకుంది. కిటికీలు లేవు, కమానులు లేవు. గోపురం గోపురంలా లేదు. ఎటు చూసినా నీలం మరకలూ, ఊదా మరకలూను. ఆమె వేస్తుండగా చూసిన సంఘపెద్దలు మధ్యాహ్నం వస్తామన్నారు. దీన్ని చూసి వాళ్లు ముఖం చిట్లించుకు పోవడం, తను బాపట్ల రైలెక్కడం ఆమెకి కళ్లకి కట్టినట్టు కనబడింది. అన్నిటికన్నా సన్నని కుంచె తీసి గోధుమరంగులో ముంచింది. శిలువ అక్కడ ఉన్నమాట నిజమే కదా, మంచు అడ్డొచ్చినంత మాత్రాన లేకుండా పోతుందా అని మాస్టారితో వాదన పెట్టుకుంది.

"శిలువ లేకపోతే ఇది చర్చి అని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అని అడిగింది చివరికి.

"టీకి పాలు లేవమ్మా. కాసిని పట్టుకురా," అన్నారాయన.

సువార్తకి ఏడుపొక్కటే తక్కువ. కుంచె బల్ల మీద పడేసి, శాలువా కప్పుకుని, గిన్నె తీసుకుని విసవిసా వెళ్లింది. రెండు గీతలు గీస్తే తేలిపోయేదానికి ఈయన పాలంటాడేమిటి అని దారి పొడుగునా గొణుక్కుంది. పాలు పోయించుకుని వస్తుంటే వీధి మలుపులో సంఘపెద్దలు ఇటే రావడం కనబడింది. పరుగుపరుగున మెట్లెక్కింది. వాళ్లు పైకొచ్చేలోపు శిలువ పడి తీరాలి. ఏమైనా సరే మాస్టారి మాట వినేది లేదని నిశ్చయించుకుని మరీ లోపలికొచ్చింది.

గదిలో కుంపటి వెచ్చగా మండుతోంది. పాలగిన్నె దించి, తడిసిన శాలువా తీసి కొక్కేనికి తగిలించి, కుంచె అందుకుని కిటికీ వైపు తిరిగింది. అక్కడ బొమ్మ లేదు. ఆమె పాలకి వెళ్లినప్పుడు మాస్టారు దాన్ని గది ఆ చివరికి జరిపి పెట్టారు. సువార్త అటు తిరిగింది. తిరిగినది తిరిగినట్టే నిలబడిపోయింది. ఆ చివర మంచు కురుస్తోంది. తలుపు ఇప్పుడే తెరిచినట్టు మెట్ల మీద పసుపు వెలుగు పడుతోంది. గొడుగులు లోపలికి వెళుతున్నాయి. ఆమె కుడిచేతిలో కుంచె అలాగే ఉంది. ఎడమచెయ్యి మాత్రం మెల్లిగా పైకి లేచి, నీలం మరక ఉన్న చున్నీని తల మీదికి లాగింది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎవరో తలుపు తట్టారు.

మాస్టారు కుంపట్లో బొగ్గులు ఎగదోస్తూ, తల తిప్పకుండానే అన్నారు.

"ముసుగు తీసి, వెళ్లి తలుపు తియ్యి తల్లీ. మనం ఇంట్లోనే ఉన్నాం."