పక్కింట తిన్న అసిరమ్మ

అనగా అనగా, ఈ ఇసక మీద ఇన్ని ఇళ్ళు లేని కాలంలో, మన తాతల తాతలు ఇంకా గోచీలతో ఆడుకునే కాలంలో, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో అసిరమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకు పొలం లేదు, పడవ లేదు, మగదిక్కు లేదు. ఉన్నదల్లా ఒక తాటాకు గుడిసె, తల మీద ఒక చేపల తట్ట, చంకలో ఒక ఆడపిల్ల. పిల్ల పేరు పైడి.

మొగుడు తుఫానులో పోయాడు. పడవ తిరిగొచ్చింది, అతను రాలేదు. అప్పట్నుంచి అసిరమ్మ ఊళ్ళోవాళ్ళ చేపలు తలకెత్తుకుని పైఊళ్ళకు నడిచేది. చేపలిచ్చి గింజలు తెచ్చేది. ఎవరి గింజలు వాళ్ళకు పోగా, తల్లీపిల్లల గంజికి సరిపడా మిగిలేవి. రోజులు ఎలాగో గడిచేవి. గడవనిది పండగే.

ఆ పల్లెకి ఏడాదికొకటే పండగ, అమ్మోరి సంబరం. ఆ ముందురోజు ఊరందరి తరఫున తెచ్చిన బియ్యం, పప్పు, బెల్లం ఇంటింటికీ పంచేవారు. పడవలో తెడ్డు వేసే మగ చెయ్యి ఉన్న ఇంటికి వాటా ఉండేది. తెడ్డు వేసే చెయ్యి లేని ఇంటికి వాటా లేదు. ఎవరో కక్షకొద్దీ పెట్టింది కాదది. ఎప్పట్నుంచో అలా జరుగుతోంది, అంతే.

మొదటి ఏడు అసిరమ్మ కులపెద్ద దగ్గరకు వెళ్ళింది. పిల్లకు నాలుగు బూరెలు వండేపాటి బెల్లం ఇప్పించమంది. ఆయన చెడ్డవాడు కాదు. నీకిస్తే అందరికీ ఇవ్వాలి కదమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.

రెండో ఏడు తోడబుట్టిన అన్న దగ్గరకు వెళ్ళింది. లోపల వదిన గిన్నెలు చప్పుడు చేసింది. అన్న తల వంచుకుని, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.

మూడో ఏడు అమ్మోరి పూజారి దగ్గరకు వెళ్ళింది. ఆయన తీర్థమిచ్చి, తల్లి అందర్నీ చూస్తూనే ఉంటుంది, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.

ఆ మూడో ఏడు సంబరం రోజు మధ్యాహ్నం పిల్ల కనిపించలేదు. ఒడ్డంతా వెతికింది. ఇళ్ళ సందులన్నీ వెతికింది. చివరికి కులపెద్ద ఇంటి వెనక, విస్తళ్ళు పారేసేచోట, పైడి గొంతుక్కూర్చుని ఉంది. ఎంగిలాకులోంచి ఎవరో సగం కొరికి వదిలేసిన బూరె తీసి, ఇసక దులుపుకుని తింటోంది. తల్లిని చూసి భయపడలేదు. నవ్వింది.

"అమ్మా, నీకూ ఒకటి దాసినాను," అంటూ పిడికిలి తెరిచింది.

అసిరమ్మ కొట్టలేదు, తిట్టలేదు, ఏడవలేదు. పిల్లనెత్తుకుని నీళ్ళ దగ్గరకు తీసుకుపోయి చేతులు కడిగింది, మూతి కడిగింది. పిల్ల చూస్తోంది కదాని ఆ ముక్క నోట్లో వేసుకుంది. అది గొంతు దిగలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ బూరె ఆమె గొంతు దిగలేదు.

కానీ ఆ విస్తళ్ళ దగ్గర ఆమె ఇంకొకటి చూసింది. ఇసకలో పైడి అడుగులే కాదు, వేరే చిన్న అడుగులు కూడా ఉన్నాయి. అవి ఏ ఇళ్ళవైపు పోయాయో కూడా చూసింది.

మరుసటి ఏడు ఆమె ఎవరి గడపా ఎక్కలేదు. సంబరం నెల రోజులుందనగా పడవలవాళ్ళతో ఒక్క మాట చెప్పింది. వలలోంచి ఏరి ఒడ్డున వదిలేసే సన్నచేపలు తనను ఏరుకోనిమ్మంది. అక్కరలేని చేపలే కాబట్టి ఎవరూ కాదనలేదు. వాటిని ఉప్పేసి ఎండబెట్టింది. పొద్దున ఊరివాళ్ళ తట్ట మోసింది, మధ్యాహ్నం తన తట్ట మోసింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ ఎండుచేపలిచ్చి పైఊళ్ళ రైతుల దగ్గర బియ్యం, పప్పు, బెల్లం, కాస్త నూనె తెచ్చింది. సంబరం రోజు పొద్దున్నే వండింది. పైడికి కడుపునిండా పెట్టింది. మిగతాది తట్టలో సర్దుకుని, ఆకు కప్పి, బయల్దేరింది.

మొదటి గడప ఎర్రయ్యమ్మది. ఆమె మొగుణ్ణీ సముద్రమే తీసుకుంది. రెండో గడప కాములమ్మది. ఆమె మొగుడు కూలిపనికి ఓడెక్కి సముద్రం అవతల రంగం దేశం పోయాడు, మళ్ళీ కబురు లేదు. మూడో గడప సీతాలుది. ఆమె బిడ్డకు తండ్రి ఎవరో ఆమె చెప్పలేదు, ఊరు ఆమెతో మాట్లాడేది కాదు.

మూడు గడపల దగ్గరా అసిరమ్మ ఒకే మాట చెప్పింది.

"మిగిలిపోనాదే. పారబొయ్యలేక తెచ్చినాను."

దానం అంటే ఆ తల్లులు తలుపు తీసేవాళ్ళు కారు. మిగిలిపోయిందంటే తీశారు. పిల్లలు తింటుంటే ఆమె గుమ్మంలో కూర్చుని చూసేది. లేచేటప్పుడు ఆ తల్లులూ ఒకే మాట అడిగేవారు.

"నువ్వు తిన్నావా అత్తా?"

"పక్కింట తిన్నానే."

ఎర్రయ్యమ్మతో అదే అంది. కాములమ్మతో అదే అంది. సీతాలుతోనూ అదే అంది.

ఏళ్ళు గడిచాయి. పైడి పెద్దదై, పెళ్ళయి, రెండు రోజుల దూరంలోని రేవుకు కాపురానికి పోయింది. పిల్ల లేకపోయినా అసిరమ్మ తట్ట ఆగలేదు. సముద్రం మాత్రం ఆగుతుందా? మూడు గడపలు ఏడయ్యాయి, ఏడు గడపలు పదమూడయ్యాయి. ఆమె నడుం వంగింది. నెలకు ముప్ఫై తట్టలు మోసిన మనిషి ఇరవై మోసింది, తర్వాత పది మోసింది. గింజలు తగ్గాయి, గడపలు తగ్గలేదు. పండగ నాటికి చాలాలని ముందు తన రాత్రి గంజి మానుకుంది. అదీ చాలక పొద్దుటి గంజిలో గింజలు తగ్గించి నీళ్ళు పోసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ తల్లుల గొంతు కూడా దిగదని ఆమెకు తెలుసు.

చివరి ఏడు సంబరం రోజు పదమూడు గడపలూ తిరిగేసరికి పొద్దు వాలింది. ఆఖరి ఇంట్లో సీతాలు కూతురు, అప్పటికి తానూ బిడ్డతల్లై మొగుడు వదిలేసినది, ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూసో అత్తా, ఒక్క ముద్ద తిను."

ఆకు మీద మూడు బూరెలే ఉన్నాయి, చుట్టూ ముగ్గురు పిల్లలున్నారు. అసిరమ్మ ఆ పిల్లల వైపు చూసింది.

"పక్కింట తిన్నానే, పొట్ట పట్టదు," అంది. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, గోడ పట్టుకుంటూ, గుడిసెకు పోయింది.

మర్నాడు ఒడ్డుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వెళ్ళి చూస్తే చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. పొయ్యిలో సంబరం నాటి బూడిద చల్లారి ఉంది. కుండలో గింజ లేదు. నీళ్ళు పోసి కడగబోతే ఆ ఒళ్ళు ఎండుపుల్లలా చేతిలో తేలిపోయింది.

పదమూడు గడపల ఆడవాళ్ళూ చుట్టూ కూర్చున్నారు. ముందు ఎర్రయ్యమ్మ నోరు తెరిచింది.

"మా ఇంట తిన్లేదు. పక్కింట తిన్నానంటే కాములమ్మ ఇంట అనుకున్నాను."

"మా ఇంటా తిన్లేదు," అంది కాములమ్మ. "నేను సీతాలింట అనుకున్నాను."

సీతాలు చెంగు నోట్లో కుక్కుకుంది. మిగతా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ ఏటి నుంచి ఇలా జరుగుతోందో ఎవరూ అడగలేదు, ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

పైడి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఊరు ఊరంతా పాడె వెనక నడిచింది. కులపెద్ద ముసలాడైపోయి ఉన్నాడు, ఆయనా నడిచాడు. ఆ ఏటితో తెడ్డు వాటా పోయింది. పొయ్యి ఉన్న ప్రతి ఇంటికీ వాటా వచ్చింది. ముందు వాటా ఒంటరి తల్లుల గడపకే పోవాలన్నారు.

ఇప్పటికీ ఆ తీరంలో పండగనాడు ఎవరైనా మీ ఇంటికి తినేది తెస్తే, మూత తియ్యకూడదు. తెచ్చిన మనిషిని కూర్చోబెట్టాలి. మీ ఇంట్లో ఉన్నది గంజైనా సరే, ముందు ఆమెకు పెట్టాలి. తిన్నానమ్మా అంటే నమ్మకూడదు. ముద్ద నోట్లో పెట్టి, అది గొంతు దిగిందాకా ఎదురుగా కూర్చోవాలి. ఆ తర్వాతే ఇంట్లో పిల్లలకు.