గేగుల ఎల్లమ్మ గద్దె ఎక్కని కథ

గుండ్రవెల్లి గేగుల ఎల్లమ్మ సన్నిధికి మొదటిసారి వచ్చే భక్తులు తలెత్తి గోపురం కోసం వెతకడం, అది కనబడక దారి తప్పామేమోనని కంగారు పడడం మామూలే. దారి తప్పలేదు. ఎర్రమట్టి బాట వెంట తాటివనంలోకి నడిచి, తల దించి చూస్తే చాలు. ఈ గుడి నేల మీద లేదు, నేలలో ఉంది. మెట్లు దిగి వెళితే నడుము వరకే పైకి కనిపించే నల్లరాతి విగ్రహం చిరునవ్వుతో ఎదురవుతుంది. మిగతా సగం భూమిలోనే ఉంది. పక్క గూటిలో ఒక పాత మోకు చుట్టి పెట్టి ఉంటుంది. గౌడులు తాటిచెట్టు ఎక్కేటప్పుడు తమ నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడునే మోకు అంటారు.

పరీక్ష పోయినవారు, కొలువు పోయినవారు, దుకాణం మూతపడినవారు, కుదిరిన పెళ్లి చెడినవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. కొబ్బరికాయకు బదులు తాటి టెంక తెస్తారు. దేవతలందరూ కొండలెక్కి కూర్చుంటే ఈ తల్లి ఒక్కతే గుంతలో ఎందుకు కూర్చుందో, ఆమెకు టెంకతో ఏం పనో తెలియాలంటే ఓదెలు కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఈ వనం లేదు. ఎర్రటి బీడు, దాని నడుమ ఒకే ఒక్క తాటిచెట్టు ఉండేవి. ఊరి తాళ్లన్నీ, అంటే తాటిచెట్లన్నీ, అవతల వాగు ఒడ్డున ఉండేవి. ఆ తాళ్లెక్కే గౌడులలో ఓదెలుకు సాటి లేడు. మిగతావాళ్లు చెట్టు ఎక్కేవారు, ఓదెలు మాత్రం చెట్టు మీద నడిచేవాడని చెప్పుకునేవారు. నేల మీద ఉన్నప్పుడు అతనికి ఏమీ తోచేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే చూపు చెట్ల కొనలకు పోయేది. అతని భార్య బూదవ్వ, "మా ఆయన ఇంటికి అన్నం తిననీకె దిగుతడు, అంతే" అని నవ్వేది. ఆ నవ్వులో కొంచెం గర్వం, కొంచెం దిగులు ఉండేవి.

ఒక ఏడు ఎండాకాలంలో ఎల్లమ్మ పండుగ వచ్చింది. పండుగనాడు తొలి కుండ కల్లు తెచ్చి అమ్మవారి ముందు దాన్ని ధారగా వంచి సాక పోసే గౌరవం ఓదెలుదే. డప్పులు మోగుతున్నాయి, ఊరంతా కింద నిలబడి చూస్తోంది. ఓదెలు కొన దాకా వెళ్లాడు. అక్కడ చేసిన పొరపాటు చెట్టెక్కడం అప్పుడే నేర్చినవాడైనా చెయ్యడు. ఎండుమట్టను నమ్మవద్దన్నది ఆ పనిలో మొదటి పాఠం. పచ్చిమట్ట ప్రాణం నిలుపుతుంది, ఎండుమట్ట చేతిలోకి ఊడి వస్తుంది. చూసేవాళ్లను మురిపించాలన్న తొందరలో, మోకు వదులు చేసి, ఓదెలు ఎండుమట్టను పట్టుకుని పైకి లాక్కున్నాడు.

మట్ట ఊడి, అతను కింద పడ్డాడు. ప్రాణం దక్కింది. విరిగిన కాలుకు కట్టు కట్టారు. ఎముక అతికింది కానీ మోకాలు వంగడం మానేసింది. మోకాలు వంగనివాడు చెట్టెక్కలేడు. కులపెద్దలు అతని చెట్లను తలా కొన్ని పంచుకుని, రోజూ సాయంత్రం ఒక కుండ కల్లు మాత్రం మర్యాదగా ఇంటికి పంపేవారు. ఓదెలు ఆ కుండ వంక చూసేవాడు కాడు. "నేను గియ్యని కల్లు నాకెందుకు?" అనేవాడు. గడపలో కూర్చుని మోకుకు ఆముదం రాసి, మెత్తగా చేసి, మళ్లీ చుట్టి పెట్టేవాడు. అతని మనసులో ఏముందో బూదవ్వకు చెప్పనక్కర లేదు.

భాద్రపదం వచ్చింది. ఒకరోజు ఓదెలు మోకు భుజాన వేసుకుని, నడుముకు కత్తి చెక్కుకుని, కర్ర ఊతంతో గడప దాటాడు. బూదవ్వ అడ్డం వచ్చింది.

"ఏడికయ్యా?"

"చెట్టెక్కుత. ఎక్కితే ఎక్కిన, లేకుంటే లేదు. గిట్ల గడపల కూసునుడు నాతోని కాదు."

"నువ్వు చెట్టెక్కకున్నా నాకు మొగడివే. కింద పడి సస్తే నాకెవలున్నరు?"

ఓదెలు ఆమెను తప్పించుకుని కదిలాడు. వాగు ఒడ్డుకు పోతే నలుగురూ చూస్తారు. అందుకని సిగ్గుతో ఈ బీడులోని ఒంటి చెట్టు దగ్గరికి వచ్చాడు. మోకు వేశాడు, అలవాటు చొప్పున ఎల్లమ్మకు దండం పెట్టాడు, ఎక్కబోయాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా వంగని కాలు జారి, మళ్లీ మొదట్లోనే కూలబడ్డాడు. చివరికి ఒళ్లు గీరుకుపోయి, చెట్టుకు ఆనుకుని, అమ్మవారిని నోటికొచ్చినట్లు తిట్టాడు. ఆ తిట్లను ఇక్కడ అచ్చువేయడం భావ్యం కాదు. తల్లి మాత్రం అన్నీ ఓపికగా విన్నదని పెద్దలు చెబుతారు. తిట్టి తిట్టి అలసిపోయి ఓదెలు అక్కడే నిద్రపోయాడు. తాటిచెట్టు నీడ నీడ కాదంటారు గానీ, ఆ మిట్టమధ్యాహ్నం అతనికి అదే దిక్కయింది.

కలలో ఒక ముసలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒళ్లో గేగులు పోసుకుని పొట్టు వలుస్తోంది. తాటి టెంకను మట్టిలో పాతిపెడితే వచ్చే మొలకే గేగు. కాల్చుకుని తింటారు, చలికాలంలో తినని పిల్లలుండరు.

"ఎందుకు కొడుకా గట్ల తిడుతున్నవ్?" అన్నది ముసలమ్మ.

"నన్ను కింద పడేసినవ్ గద తల్లీ!"

"నేనేడ పడేసిన? ఎండుమట్ట పడేసింది. పట్టుకొమ్మని నేను చెప్పిన్నా?"

ఆమె ఒక గేగు అతని చేతిలో పెట్టి, "పుట్టినప్పటి సంది తింటున్నవ్. టెంక మొలిచినప్పుడు మొలక ఎటు పోతది?" అని అడిగింది.

"కిందికి పోతది."

"గంత ఎత్తు చెట్టయ్యేది ముందుగాల కిందికెందుకు పోతది?"

ఓదెలు ఎప్పుడూ ఆలోచించలేదు. వేల గేగులు తిన్నాడు, ఎన్నో తాళ్లెక్కాడు, ఈ రెంటికీ మధ్య సంగతి మాత్రం అతని బుర్రకు తట్టలేదు.

"కింద పడ్డదని టెంక ఏడువది బిడ్డా. ఆడ్నే మొదలు పెడతది. నేను గూడ ఈడ్నే ఉన్న, తవ్వు" అని ఆమె నవ్వింది.

అంతలో దబ్బున చప్పుడైంది. తలకు జానెడు దూరంలో ముగ్గిన తాటిపండు రాలి పడింది. ఓదెలు ఉలిక్కిపడి లేచాడు. పండు పడిన చోటనే కత్తితో తవ్వాడు. మొదట కిరీటం, తరువాత ముఖం, తరువాత భుజాలు కనిపించాయి. ముఖంలో అదే నవ్వు. నిద్రకు ముందు తిట్టిన తిట్లన్నీ గుర్తుకొచ్చి ఓదెలు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

కబురు తెలిసి ఊరు ఊరంతా వచ్చింది. ఎత్తయిన గద్దె కట్టి తల్లిని దాని మీద కూర్చోబెడదామని పెద్దలు తీర్మానించారు. ఓదెలు మోకునే విగ్రహానికి చుట్టి, పదిమందీ పట్టి లాగారు. తల్లి కదలలేదు. చుట్టూ ఇంకా లోతుగా తవ్వి లాగారు. ఊహూ! ఇంతమంది చాలరని పొరుగూరికి మనిషిని పంపబోతుంటే ఓదెలు లేచి మోకు విప్పేశాడు.

"అమ్మ కాళ్లు కింద ఊనుకున్నయి. ఇడిసిపెట్టుండ్రి. గేగును పీకితే ఒక్క పూట తిండి, ఉంచితే చెట్టయితది" అన్నాడు.

ఆనాటి నుంచి తల్లిని పైకి తెచ్చే మాట ఎవరూ ఎత్తలేదు. మనమే దిగడానికి మెట్లు తవ్వారు.

ఆ రోజు రాలిన తాటిపండు టెంకలను ఓదెలు అమ్మ పక్కనే పాతిపెట్టాడు. మర్నాడు బుట్టతో వాగు ఒడ్డుకు వెళ్లి, అంతకుముందు ఎన్నడూ చూడనిచోట, అంటే చెట్ల మొదళ్లలో చూశాడు. టెంకలు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటన్నిటినీ బీడుకు చేరవేశాడు. "ఈ తాళ్లు పెరిగి కల్లు పారేదాక ఉంటవా?" అని ఊరివాళ్లు ఆటపట్టించారు. "నేనుండుడు ఎందుకు? అవి ఉంటయి గద" అనేవాడు. పుష్యమాసంలో సగం గేగులు తవ్వి, బూదవ్వతో కలిసి కాల్చి అమ్మాడు. ఇల్లు గడిచింది. మిగతా సగం మట్టిలోనే ఉంచాడు. ఏటేటా ఇదే పని. వంగని కాలును ఈడ్చుకుంటూ తిరిగే అతని వెనకే బీడు పచ్చబడుతూ వచ్చింది. వాగు ఒడ్డున ఎవరైనా చెట్టెక్కుతుంటే మాత్రం బుట్ట దించి, కింద నిలబడి, "ఎండుమట్ట పట్టకు!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ తరువాత ఆ ఊళ్లో చెట్టు మీద నుంచి పడినవారు లేరని ప్రతీతి.

ఒక తరం గడిచింది. ఓదెలు, బూదవ్వ ముసలివారయ్యారు. అతను పాతిన వనంలో మొదటి చెట్టు కల్లు పారింది. గీసినవారు తొలి కుండను తిన్నగా తెచ్చి ఓదెలు చేతిలో పెట్టారు. అతను మెట్లు దిగి, అమ్మకు సాక పోసి, పడిననాటి నుంచి ముట్టని కల్లును దోసిట పట్టి తాగాడు. పైకి వచ్చి బూదవ్వ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. చూపు చెట్ల కొనలకు పోలేదు, ఆమె ముఖం మీదనే నిలిచింది.

"తియ్యగున్నదే" అన్నాడు.

బూదవ్వ కళ్లు తుడుచుకుని, "ఇప్పుడన్న చెట్టు దిగినవా?" అన్నది.

ఆ మోకే గూటిలో ఉన్నది. ఆ వనమే ఇప్పుడు మీరు నడిచి వచ్చినది. భాద్రపదంలో వచ్చే భక్తులు తమ చేతులతో ఒక టెంకను అమ్మ పక్కన పాతరలో పాతిపెడతారు. పోయినదాన్ని తిరిగి ఇమ్మని అడగరు, అలా అడగడం ఇక్కడి ఆచారం కాదు. పుష్యమాసంలో పాతర తెరిచి, గేగులు కాల్చి, వచ్చినవారందరికీ ప్రసాదంగా పంచుతారు. కొన్నింటిని ఎప్పటిలాగే మట్టిలో ఉంచేస్తారు. చెట్టెక్కే ముందు ఎండుమట్ట కేక వేయడం గౌడులు నేటికీ మానలేదు.

మీ చేతికి వచ్చే గేగును ఎవరు పాతారో మీకు తెలియదు. భాద్రపదంలో ఇక తన పని అయిపోయిందనుకుంటూ ఈ మెట్లు దిగిన మనిషి ఎవరో పాతి ఉంటారు. మీరు పాతిన టెంకను తినేవారు మిమ్మల్ని ఎరుగరు. తినేటప్పుడు ఆ ఎరుగని మనిషి చల్లగా ఉండాలని మొక్కుకుంటే చాలునని, ఆ మొక్కు తల్లి తప్పక వింటుందని ఇక్కడివారి నమ్మకం. టెంక తేవడం మరచి వచ్చినవారు చిన్నబుచ్చుకోనక్కర లేదు. వనం నిండా రాలి ఉంటాయి, వంగి ఏరుకోవడమే.